జిమ్నోట్: బ్యాటరీ గీసిన హద్దుల్లో తిరిగిన జలాంతర్గామి

ఫ్రాన్స్ నౌకాదళం తొలి విద్యుత్ జలాంతర్గామి పేరు జిమ్నోట్. దక్షిణ అమెరికా నదుల్లో షాక్ కొట్టే చేప పేరే దీనికి పెట్టారు. 1888 సెప్టెంబర్ 24న దక్షిణ ఫ్రాన్స్‌లోని తూలాన్ రేవులో నీళ్లలోకి దించారు. పొడవు 17.8 మీటర్లు, నడుం దగ్గర వ్యాసం 1.8 మీటర్లు, మనుషులు ఐదుగురు. పైన తేలేటప్పుడు 30 టన్నులు, మునిగాక 31 టన్నులు. లోపల బాయిలర్ లేదు, ఆయిల్ ఇంజిన్ లేదు, ఛార్జింగ్‌కు సొంత డైనమో కూడా లేదు. రేవులో నింపుకున్న కరెంటు ఎంతుంటే అంత ప్రయాణం.

సముద్రం లేని వరంగల్ జిల్లాలో దీని సంగతి ఎవరికి కావాలి అనుకోవద్దు. జిమ్నోట్ పడ్డ కష్టాల్లో సగానికి పైగా సముద్రానివి కావు, బ్యాటరీవి. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ చూసుకునేవాళ్లకు, బ్యాటరీ ఆటో నడిపేవాళ్లకు, గోదావరిఖని, భూపాలపల్లి బొగ్గు బాయిల్లో గ్యాస్ లెక్క తెలిసినవాళ్లకు ఈ పడవ తేలిగ్గానే అర్థమవుతుంది. హన్మకొండ పిల్లలు సైన్స్ ఫెయిర్‌కు చేసే సిరంజి జలాంతర్గామి కూడా దీని కొలతలకు చిత్రంగా సరిపోతుంది. ఆ సంగతి చివర్లో వివరంగా చెబుతాం.

ముందు మనుషుల గురించి రెండు ముక్కలు. ఆలోచన నౌకా శిల్పి డ్యుప్యుయ్ ద లోమ్‌ది. ఆయన 1885లో చనిపోతే నౌకా ఇంజినీరు గ్యుస్తావ్ జెదె ఆ పని అందుకున్నాడు. 1886లో నౌకాదళ మంత్రి అడ్మిరల్ ఓబ్ ఆర్డరిచ్చాడు, రొమజోత్తి కట్టించాడు. మోటరు ఆర్తూర్ క్రెబ్స్ చేశాడు. ఈ క్రెబ్స్ సామాన్యుడు కాదు. 1884లో షార్ల్ రెనార్‌తో కలిసి లా ఫ్రాన్స్ అనే గాలి నౌకను బ్యాటరీ మోటరుతో ఎగరేసి, బయల్దేరిన చోటికే తిరిగి తెచ్చాడు. బరువు తక్కువ, బలం ఎక్కువ ఉన్న మోటరు కావాలంటే అప్పట్లో ఫ్రాన్స్‌లో ముందు గుర్తొచ్చే మనిషి ఆయనే.

మోటరు 55 హార్స్‌పవర్. మన పొలాల్లో వాడే 5 హెచ్‌పీ మోటర్లు పదకొండు కలిస్తే వచ్చే బలం. కిలోవాట్లలో సుమారు 40. వోల్టేజీ 200 అనుకుంటే తీగలో 200 ఆంపియర్లు పారాలి. గేర్లు లేకుండా ప్రొపెల్లర్ షాఫ్టుకే మోటరు తగిలించారు. నీళ్లలో ప్రొపెల్లర్ నెమ్మదిగా, బలంగా తిరిగితేనే లాభం. అందుకే అయస్కాంత ధ్రువాలు ఎక్కువున్న, వ్యాసం పెద్దదైన, తక్కువ వేగంతో తిరిగే మోటరు చేశారు. గేర్లు పెడితే మోటరు చిన్నదయ్యేది గానీ, ఆ రోజుల గేర్ల మోత, అరుగుదల ఆ ఇరుకు గొట్టంలో భరించడం కష్టం. నేరుగా తగిలించడమే సరైన నిర్ణయం.

అసలు తలనొప్పి బ్యాటరీ దగ్గర మొదలైంది. మొదట పెట్టినవి క్షార సెల్లులు, మొత్తం 564. జింకు ఒక వైపు, కాపర్ ఆక్సైడ్ రెండో వైపు, మధ్యలో పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం. లలాంద్, షపెరాన్ కనిపెట్టిన సెల్లునే మళ్లీ ఛార్జ్ చేయడానికి వీలుగా మార్చారు. సీసం సెల్లు 2 వోల్టులిస్తే ఇది ఒక వోల్టు కూడా ఇవ్వదు, సుమారు 0.85. కావలసిన వోల్టేజీ రావాలంటే సెల్లుల సంఖ్య పెంచక తప్పదు. 564 సెల్లులంటే 1,128 టెర్మినళ్లు. ఒక్క కనెక్షన్ వదులై అక్కడ 1 మిల్లీఓమ్ నిరోధం పుట్టిందనుకోండి. 100 ఆంపియర్లు పారితే ఆ ఒక్కచోటే 10 వాట్ల వేడి. సముద్రపు తేమకు అది ఇంకా తుప్పు పట్టి నిరోధం పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. తీగ కొసన బిగించే లగ్గు వదులైతే ఇన్వర్టర్ టెర్మినల్ ఎందుకు కరుగుతుందో బ్యాటరీ షాపు కుర్రాడిని అడిగినా ఇదే చెబుతాడు.

క్షార సెల్లుకు సొంత జబ్బులు వేరే ఉన్నాయి. డిస్చార్జ్‌లో జింకు ద్రావణంలోకి కరిగిపోతుంది, ఛార్జింగ్‌లో తిరిగి ప్లేటు మీద పేరుకోవాలి. కానీ అది నున్నగా పేరుకోదు. ఒకచోట మందంగా, ఒకచోట ముళ్లలా పెరుగుతుంది. ఆ ముల్లు ఎదుటి ప్లేటును తాకిందా, సెల్లు షార్ట్. మనుషులు వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం పీల్చుకుని కార్బొనేట్‌గా మారుతుంది, దాని శక్తి తగ్గుతుంది. ఐదుగురు గంటల తరబడి మూసిన గొట్టంలో ఉంటే ఇది చిన్న విషయం కాదు. ఒలికితే చర్మం కాలుతుంది.

1891లో వీటిని తీసేసి 204 సీసం-ఆమ్లం సెల్లులు పెట్టారు. టెర్మినళ్లు 408కి తగ్గాయి. 102 సెల్లుల వరసలు రెండుగా చూస్తే 204 వోల్టులు. వరసలన్నీ ఒకదాని వెనక ఒకటి కలిపితే ఎక్కువ వోల్టేజీ, ఎక్కువ వేగం. పక్కపక్కన కలిపితే తక్కువ వోల్టేజీ, నెమ్మది నడక. ఎలక్ట్రానిక్ కంట్రోలర్ లేని కాలంలో కరెంటు వృథా చేయకుండా వేగం మార్చడానికి ఇదే మంచి దారి. ఇబ్బంది ఏమిటంటే డీసీ కరెంటును స్విచ్చుతో తెంపడం. మన ఇంటి ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి నిప్పు తేలిగ్గా ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు. 200 వోల్టుల దగ్గర కత్తి స్విచ్చు ఎత్తితే మంట సాగుతూనే ఉంటుంది. పక్కనే బ్యాటరీ గ్యాస్ ఉన్నచోట ఆ మంట ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు.

ఆ గ్యాస్ లెక్క ఒకసారి వేద్దాం, ఎందుకంటే విద్యుత్ జలాంతర్గామిలో నీటికంటే ముందు భయపడాల్సింది దీనికే. సీసం సెల్లు నిండాక కూడా కరెంటు పంపుతూ పోతే నీళ్లు విడిపోయి హైడ్రోజన్ వస్తుంది. మామూలు వేడిలో ఒక సెల్లు, ఒక ఆంపియర్-అవర్ (ఒక ఆంపియర్ గంటసేపు) అదనపు ఛార్జింగ్‌కు సుమారు 0.45 లీటర్లు. 204 సెల్లులకు దాదాపు 92 లీటర్లు. పడవలో సామాను, మనుషులు పోగా ఖాళీ గాలి 10 ఘనమీటర్లే అనుకుందాం. అందులో 4 శాతం హైడ్రోజన్ చేరితే చాలు, పేలుతుంది. 4 శాతమంటే 400 లీటర్లు. అంటే ఒక్కో సెల్లుకు నాలుగున్నర ఆంపియర్-అవర్లు కూడా ఎక్కువ పోయాల్సిన పనిలేదు. ఒక్కో సెల్లులో 10 ఆంపియర్లు పారుతుంటే అరగంట లోపే పడవంతా పేలే మిశ్రమం.

సింగరేణి బాయిల్లో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య పేలుతుందని, 1.25 శాతం దాటగానే కరెంటు కట్ చేయాలని అక్కడ పనిచేసే అందరికీ తెలుసు. హైడ్రోజన్ 4 నుంచి 75 శాతం దాకా పేలుతుంది. 15 దాటితే మీథేన్ పేలదు. హైడ్రోజన్‌కు ఆ దయ లేదు. రెండూ గాలికంటే తేలిక కాబట్టి కప్పు దగ్గర చేరతాయి. బాయిలో గ్యాస్ కప్పు దగ్గర చూసినట్టే పడవలోనూ పై మూలల్లోంచి గాలి బయటికి లాగాలి, కొత్త గాలి కింది నుంచి రావాలి. మూత ఒక్కటి తెరిచి, గాలి దానంతట అదే మారుతుందిలే అనుకుంటే ముక్కు, తోక వైపు గ్యాస్ అలాగే నిలిచిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీని మెట్ల కింద తలుపున్న అరలో పెట్టేవాళ్లు ఈ పేరా రెండోసారి చదవాలి.

సీసం సెల్లుల రెండో సమస్య బలహీనమైన సెల్లు. వరసలో వంద సెల్లులుంటే అన్నింట్లోనూ ఒకే కరెంటు పారుతుంది. వాటిలో ఒకటి ముందే ఖాళీ అయితే మిగతా 99 దాని గుండా కరెంటు నెడుతూనే ఉంటాయి. అప్పుడు ఆ సెల్లు తిరగబడుతుంది, అంటే ప్లస్, మైనస్ తారుమారవుతాయి. వేడెక్కుతుంది, గ్యాస్ వదులుతుంది. మొత్తం వోల్టేజీ చూస్తే ఇది తెలియదు, 2 వోల్టుల తేడా 200లో కలిసిపోతుంది. ఒక్కో సెల్లుకు గ్రావిటీ, అంటే యాసిడ్ సాంద్రత, చూసి రాసుకోవడం తప్ప మార్గం లేదు. యాసిడ్ తుంపర చెక్క మీద, ఇనుము మీద పడి ఆరితే అది కూడా కరెంటుకు దారే. పొడి గుడ్డతో తుడవడం ఆ పడవలో శుభ్రత కాదు, ఇన్సులేషన్. సముద్రపు నీళ్లు సెల్లులోకి చేరితే కథ ఇంకా వేరు. ఉప్పు, యాసిడ్, కరెంటు కలిసి క్లోరిన్ పుట్టిస్తాయి.

వేగం విషయానికొస్తే పైన 7.3 నాట్లు, లోపల 4.27 నాట్లు. నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు. దూరం పైన 5 నాట్ల వేగంతో 65 నాటికల్ మైళ్లు. అంటే 13 గంటలు. వేగం పెంచితే కావలసిన బలం ఘనంలో పెరుగుతుందని మోటా లెక్క. 5 నుంచి 7.3కి పెంచితే బలం మూడు రెట్లు దాటుతుంది. బ్యాటరీ నాలుగు గంటల చిల్లరకే ఖాళీ. దూరం 30 మైళ్లు అనిపిస్తుంది గానీ అదీ రాదు, ఎందుకంటే కరెంటు గట్టిగా లాగితే సీసం బ్యాటరీ తన పూర్తి కెపాసిటీ ఇవ్వదు. ముగ్గురెక్కాల్సిన బ్యాటరీ ఆటోలో ఆరుగురిని ఎక్కించి కాజీపేట బ్రిడ్జి ఎక్కించే డ్రైవర్‌కు ఈ లెక్క కాగితం మీద చూపించక్కర్లేదు.

నీళ్ల లోపల లోతు నిలబెట్టడం మొదట్లో చాలా కష్టమైంది. పైన తేలే పడవ ముక్కు దించితే ముందు భాగం ఎక్కువ నీటిని తోస్తుంది, నీరే దాన్ని వెనక్కి లేపుతుంది. మునిగాక ఆ సాయం ఉండదు. బరువు కేంద్రం తేలే కేంద్రానికి (నీరు పైకి తోసే బలం పనిచేసే చోటికి) ఎంత కింద ఉంటే అంతే ఆధారం. కావడి మోసే మనిషికి ఒక బిందెలో చెంబు నీళ్లు తగ్గినా భుజం ఎలా తెలుసుకుంటుందో, మునిగిన పడవ అలా ప్రతి కదలికకూ ఒరుగుతుంది. ఆ రెండు కేంద్రాల మధ్య దూరం 10 సెంటీమీటర్లు అనుకుని లెక్క కట్టండి: 70 కిలోల మనిషి 4 మీటర్లు ముందుకు నడిస్తే పడవ 5 డిగ్రీలు ముక్కు దించుతుంది. 10 డిగ్రీల వాలులో 4.27 నాట్లతో పోతుంటే అర నిమిషంలో 11 మీటర్లు కిందికి. వెనక చుక్కాని ఒక్కదాంతో దీన్ని సరిచేయబోతే పడవ కిందికీ పైకీ ఊగుతూ పోతుంది. జిమ్నోట్ తర్వాత కట్టిన, గ్యుస్తావ్ జెదె అనే పేరున్న జలాంతర్గామిలోనూ ఇదే జబ్బు. దాని పక్కల మూడు జతల అడ్డ చుక్కానులు బిగించాకే దారికొచ్చింది. అడుగున అవసరమైతే విడిచేయగల సీసపు బరువు పెట్టడం వెనకా ఇదే లెక్క ఉంది: మామూలప్పుడు నిలకడ, ఆపదలో తేలిక.

దిక్సూచి ఇంకో తంటా. ఉక్కు గొట్టంలో అయస్కాంత సూది అసలే నమ్మదగ్గది కాదు. దానికి తోడు 100 ఆంపియర్ల తీగ ఒక మీటరు దూరంలో 20 మైక్రోటెస్లా అయస్కాంత బలం పుట్టిస్తుంది. తూలాన్ దగ్గర సూదిని ఉత్తరానికి తిప్పే భూమి బలమూ దాదాపు అంతే. మోటరు వేగం మార్చినప్పుడల్లా ఉత్తరం కదిలినట్టే. పోయే తీగ, వచ్చే తీగ ఆనించి నడిపితే చాలావరకు రద్దవుతుంది. అయినా క్రెబ్స్ విద్యుత్ గైరోస్కోపు (వేగంగా తిరుగుతూ దిశ మారని చక్రం) వైపు వెళ్లడం తెలివైన పని. నీళ్ల లోపలి నుంచి పైకి చూసే గొట్టం, పెరిస్కోపును కూడా జిమ్నోట్‌లోనే పరీక్షించారు.

గ్యుస్తావ్ జెదె పడవకు మొదట పెట్టిన పేరు సిరేన్. 1891లో జెదె చనిపోయాక ఆయన పేరు పెట్టి, 1893లో నీళ్లలోకి దించారు. పొడవు 48.5 మీటర్లు, సెల్లులు 720. చిన్న పడవలో పనిచేసిన లెక్క పెద్దదానికీ పనిచేస్తుందనుకున్నారు. షార్ట్‌లు, మంటలు వచ్చి సెల్లులను సగానికి, 360కి తగ్గించారు, దాంతో వేగమూ పడిపోయింది. అయినా 1901 జులైలో కోర్సికా దీవిలోని అజాక్సియో దగ్గర విన్యాసాల్లో షార్ల్ మార్తెల్ యుద్ధనౌకను ఉత్తుత్తి టార్పెడోతో కొట్టింది. ఇంతలో 1896లో జలాంతర్గామి నమూనాల పోటీలో ఇంజినీరు లొబఫ్ నమూనా గెలిచింది, 1899లో దాని ప్రకారం కట్టిన నార్వాల్ దిగింది: పైన ఆవిరి ఇంజిన్, లోపల బ్యాటరీ, ఛార్జింగ్ సముద్రంలోనే. జిమ్నోట్ మాత్రం రేవును వదల్లేకపోయినా పరీక్షల పడవగా దాదాపు 2,000 సార్లు మునిగి లేచింది. 1907లో తూలాన్ డ్రై డాకులో జరిగిన ప్రమాదంలో మునిగాక 1908లో తుక్కుకు పోయింది.

90 మి.మీ. పైపుతో నమూనా

జిమ్నోట్‌ను 20వ వంతుకు కుదిస్తే వ్యాసం సరిగ్గా 90 మి.మీ., పొడవు 89 సెం.మీ. హార్డ్‌వేర్ షాపులో దొరికే 90 మి.మీ. పీవీసీ పైపు సరిపోతుంది. బరువులు 20 ఘనంతో, అంటే 8,000తో భాగించాలి. 31 టన్నుల సముద్రపు నీళ్లంటే సుమారు 30.2 ఘనమీటర్లు, నమూనాలో 3.8 లీటర్లు. పైపు 45 సెం.మీ. కోసి, రెండు కొసలకూ 22 సెం.మీ. పొడవు శంకువులు తగిలిస్తే ఘనపరిమాణం 3.8 లీటర్ల దగ్గరికే వస్తుంది. కాబట్టి మొత్తం బరువు 3.8 కిలోలు ఉండాలి.

పైకి, లోపలికి తేడా 1 టన్ను. నమూనాలో అది 120 మి.లీ. చిల్లర. మెడికల్ షాపులో దొరికే 60 మి.లీ. సిరంజిలు రెండు తెస్తే లెక్క సరి. ఒకటి ముక్కు వైపు, ఒకటి తోక వైపు నోరు బయటికి పెట్టి బిగించండి. పిస్టన్ లాగడానికి 4 మి.మీ. థ్రెడ్ రాడ్డు, నిమిషానికి 100 తిరుగుళ్ల చిన్న గేర్ మోటరు. రాడ్డు ఒక్క చుట్టుకు 0.7 మి.మీ. కదులుతుంది, సిరంజి పూర్తి దూరం దాదాపు 11 సెం.మీ. కాబట్టి నిండడానికి నిమిషంన్నర. తొందరపడి వేగం మోటరు పెడితే పడవ మునిగే దశను దాటేసి అడుగుకు పోతుంది.

శంకువులకు నిర్మల్ బొమ్మలు చేసే పొణికి చెక్క బాగుంటుంది, తేలిక, చెక్కడమూ సులువు. కానీ అది నీళ్లు తాగుతుంది. రెండు శంకువులు కలిసి 120 గ్రాములు పీల్చాయంటే పడవ ఇక పైకి రాదు, ఎందుకంటే మన చేతిలో ఉన్న తేలే బలం మొత్తం అంతే. ఎపాక్సీ కనీసం మూడు పూతలు, మేకు రంధ్రాల లోపల కూడా. రాత్రంతా బకెట్లో ముంచి, ముందూ వెనకా తూచండి. 5 గ్రాములకు మించి పెరిగితే మళ్లీ పూత.

బ్యాటరీ కొనే ముందు అట్ట ముక్క కోసి చూడండి. 6 వోల్టుల 4.5 ఆంపియర్-అవర్ సీసం బ్యాటరీ కొస 70×47 మి.మీ. దాని మూల నుంచి మూలకు 84.3. పైపు మందం 3 మి.మీ. అయితే లోపలి వ్యాసం 84. వెంట్రుకవాసిలో పట్టదు. గుండ్రటి గొట్టంలో చదరపు సెల్లులు సర్దే ఈ తంటా తూలాన్‌లోనూ ఉన్నదే. ఎమర్జెన్సీ లైట్లలో వాడే 4 వోల్టుల చిన్నవి మూడు వరసగా కలపండి, వీలైనంత అడుగున పెట్టండి. బరువు చాలకపోతే వలలకు కట్టే సీసం గుండ్లు అడుగున అతికించాలి, సున్నితమైన సర్దుబాటుకు ఒకటి రెండు వదులుగా ఉంచుకోండి.

షాఫ్టుకు 4 మి.మీ. స్టీలు కడ్డీ, దాని మీద ఇత్తడి గొట్టం, మధ్య గ్రీజు. గొట్టం పొడవు 8 సెం.మీ.కి తగ్గితే గ్రీజు తొందరగా బయటికొస్తుంది. ఎక్కువ నీళ్లు కారేది ఇక్కడే, మూత దగ్గర కాదు. సిరంజిలు 120 మి.లీ. నీళ్లు లోపలికి తెచ్చినప్పుడు లోపలి గాలి అంత మేర నలుగుతుంది. ఖాళీ 1.5 లీటర్లయితే ఒత్తిడి దాదాపు 9 శాతం పెరుగుతుంది, అది సుమారు 90 సెం.మీ. నీటి ఒత్తిడితో సమానం. మూత వదులుగా ఉంటే బుడగలు అప్పుడే కనిపిస్తాయి.

రిమోట్ కొనబోతే ఒక మాట. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ నీళ్లలో కొన్ని అంగుళాలకే చచ్చిపోతుంది. ఖనిజాలు ఎక్కువున్న బోరు నీళ్లలో ఇంకా తొందరగా. సన్నటి తీగల కట్ట మేలు. అరమీటరుకొక థర్మాకోల్ పూస కడితే దాని బరువు పడవ మీద పడదు. ఆ తీగే పడవను వెనక్కి లాగే తాడు కూడా. చెరువులో గుర్రపుడెక్క ఉంటే ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది, పైగా నీళ్లలో ఏం జరుగుతోందో కనిపించదు. సిమెంటు తొట్టి లేదా ఈత కొలను మంచిది. వ్యవసాయ బావిలో వద్దు, ఇరుక్కుంటే దిగేది పిల్లలే.

బ్యాలెన్స్ పొద్దున 20 డిగ్రీల నీళ్లలో సరిచేసి మధ్యాహ్నం 30 డిగ్రీల్లో వదిలితే నీరు పలచబడి, పడవ దాదాపు 10 గ్రాములు బరువెక్కినట్టు ప్రవర్తిస్తుంది. ప్రదర్శన ఏ వేళకో ఆ వేళకే సరిచేయాలి. వేగం లెక్కకు అసలు వేగాన్ని 20 వర్గమూలంతో, అంటే 4.47తో భాగించండి. పైన సెకనుకు 0.84 మీటర్లు, లోపల 0.49. పది మీటర్ల తొట్టిలో పైన 12 సెకన్లు, మునిగి 20 సెకన్లు పడితే నమూనా జిమ్నోట్‌లాగే నడుస్తున్నట్టు. అంతకంటే వేగంగా పోతోందంటే ప్రొపెల్లర్ మార్చకండి, మోటరు వోల్టేజీ తగ్గించండి, లోతు నిలబెట్టడం తేలికవుతుంది.

ఛార్జింగ్ ఎప్పుడూ మూత తీసి, వీలైతే బ్యాటరీలు బయటికి తీసి చేయాలి. సీల్డ్ అని రాసున్నా వాటికీ గ్యాస్ వదిలే కవాటం ఉంటుంది, అంత చిన్న గొట్టంలో కొద్ది గ్యాసే చాలు. ఛార్జింగ్ అయ్యాక పది నిమిషాలు ఆగాలి. మొదటిసారి స్విచ్చు మూత బిగించాక వేయకూడదు. మూత తెరిచి ఉండగానే ఒకసారి స్విచ్చు వేసి ఆపి, ఆ తర్వాత మూత బిగించాలి.